నర్సవ్వ ఇంటికి పోయే బండి

"కాలేజీల నాటకమున్నది పెద్దమ్మా, ఒక్క పాత చీర ఇయ్యరాదు" అని చక్రధర్ అడిగితే యాదవ్వ పాతది ఇయ్యలేదు. సందుగ తీసి, ఉన్నవాట్లల్ల మంచిదే చూసి ఇచ్చింది. పచ్చంచు ఉన్న ఇటుకరంగు చీర. అది మల్ల ఇంటికి రాలేదు. వానకాలం పోయినంక ఎదురింటి రామవ్వ ఫోన్‌ల కనబడ్డది.

కట్టుకున్నది చక్రధరే. చీర మాత్రం యాదవ్వది. పక్కకు ఒరిగిన కొప్పు యాదవ్వది. ఎడమ మోకాలు నొప్పికి నడుము మీద చెయ్యేసుకొని కుంటే ఆ నడక యాదవ్వది. చాట ముందట పెట్టుకొని, కండ్లు సగం మూసి, పెదవులు కదుపుకుంట గొణిగే గొణుగుడు గూడ ఆమెదే. బీడీలు చుట్టుకుంట ఒకటి, రెండు, మూడు అని ఆమె లెక్కపెట్టుకునే గొణుగుడు అది. ఇరవై అయిదు కాంగనే దారం చుట్టి, పండ్లతోని పుటుక్కున కొరికి, కట్ట పక్కకు పెడ్తది. ఫోన్‌ల ఆ లెక్క మంత్రమయింది. చాటల తునికాకు లేదు, తంబాకు లేదు. నిమ్మకాయలున్నయి. వెనుక డప్పు మోగుతున్నది, కింద పెద్దక్షరాలు: నిమ్మకాయల నర్సవ్వ.

"అచ్చం నీ లెక్కనే ఉన్నది గదనే యాదీ!" అని రామవ్వ కడుపు పట్టుకొని నవ్వింది.

యాదవ్వ గూడ నవ్వింది. నన్ను ఒక్కమాట అడిగినవారా కొడుకా, అని గొంతుదాంక వచ్చిన మాటను ఆ నవ్వుతోనే మింగేసింది. ఎట్ల అడుగుతది? ఆ పోరనికి అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. వాళ్ళమ్మ అంగన్వాడీ నౌకరి మీద ఎల్లారెడ్డికి వచ్చినప్పుడు యాదవ్వ ముందరర్రలనే కిరాయికున్నరు. తల్లి డ్యూటీకి పోతే చక్రధర్ అరుగు మీద యాదవ్వ పక్కన కూసుండి, ఆకులకు నీళ్ళు చల్లుకుంట, ఆమె చెప్పిన ముచ్చట్లన్ని విన్నడు. ఆమె పెనిమిటి బాలనర్సయ్య దుబాయ్ పోయిన ముచ్చట. శవమై పెట్టెల తిరిగొచ్చిన ముచ్చట. పేదల బతుకులను కథలు చేసి అమ్ముకునేటోళ్ళకు పేదల అనుమతి పత్రం అక్కరలేదు మన దగ్గర. అట్ల ఒక ఆడమనిషి బతుకు మొత్తం నవ్వులాటకు పోయింది. ఆమె ఓర్చుకున్నది. ఓర్చుకునుడు ఆమెకు కొత్త గాదు.

నర్సవ్వకు పేరొచ్చింది. వారం వారం కొత్త భాగం. పక్కింటోని బర్రె పాలియ్యకపోతే నర్సవ్వ నిమ్మకాయ. కోడలు మాటినకపోతే నిమ్మకాయ. పోలీసాయన చలాన్ రాస్తే ఆయన టోపీల నిమ్మకాయ. ఏదీ పనిచెయ్యదు, అన్నీ తిరగబడ్తయి, అందుకే జనం నవ్విండ్రు. హైదరాబాద్ దాంక నవ్విండ్రు. నవ్వి ఊకుంటే అయిపోవు. నర్సవ్వ తిరిగిన జాగాలు చూడాలె అన్నరు. దాంతో శైలేందర్ అనేటాయన తన తుఫాన్ బండికి నిమ్మకాయల దండ కట్టి, ఆదివారమాదివారం కామారెడ్డి స్టేషన్ కాడ జనాన్ని ఎక్కించుకునుడు మొదలువెట్టిండు. నర్సవ్వ రైలు దిగిన జాగ, నర్సవ్వ కొట్లాడిన జాగ, నర్సవ్వ చాయ్ తాగిన జాగ. అన్నీ చూపించి, లింగంపేట మీదుగ ఎల్లారెడ్డి తీసుకొచ్చి, చివరికి నర్సవ్వ ఇల్లు. అంటే యాదవ్వ ఇల్లు.

మొదటి ఆదివారం యాదవ్వ వాళ్ళకు మంచినీళ్ళిచ్చింది. వాళ్ళు తాగి, గడప ముందు కుంకుమ పూసిన నిమ్మకాయలు పెట్టి, పక్కన కూసుండి ఫోటోలు దిగి, నవ్వుకుంట పోయిండ్రు. నిమ్మకాయలు మాత్రం ఆడనే ఉన్నయి.

యాదవ్వ గడప ఇవతలనే ఆగిపోయింది. వాళ్ళకది ఆట. ఆమెకు కాదు. కుంకుమ పూసిన నిమ్మకాయను చేత్తో ముట్టొద్దని, దాటొద్దని తెలిసిన మనిషి. మరి ఏం చెయ్యాలె? పెద్దలు చెప్పిన పద్ధతే పట్టుకున్నది. తెల్లారకముందే లేచి, చాట అంచుతోని వాటిని ఎత్తి, ఎవరితో మాట్లాడకుండ, వెనక్కి తిరిగి చూడకుండ, మూడు తొవ్వలు కలిసే కాడ పడేసి వచ్చి కాళ్ళు కడుక్కున్నది. దిష్టి తీసిన వస్తువును మన దిక్కు అందరూ ఆడనే పడేస్తరు. తన మీదికి వచ్చిన కీడును పారదోలుకునుడే ఆమె అనుకున్నది. ఆ తెల్లారుగట్ల చాటల నిమ్మకాయలు పట్టుకొని మాట్లాడకుండ పోయే ఆడమనిషి చూసేటోళ్ళకు ఎట్ల కనబడ్తదో ఆమెకు తోచలేదు.

మూడో వారం వాకిట్ల సానుపు చల్లుతానికి లేచిన రామవ్వ చూసింది. బకీటు చేతిల పట్టుకొని అట్లనే నిలబడ్డది. యాదవ్వ ఆమెను చూసి గూడ నోరిప్పలేదు. నిమ్మకాయలు పడేసినంకనే మాట్లాడాలె గదా. తిరిగొచ్చి పిలుద్దామని చూసేసరికి రామవ్వ తలుపు పెట్టుకున్నది.

ఆ పొద్దు రామవ్వ బీడీలు చుట్టుతానికి అరుగు మీదికి రాలేదు. మరునాడు గూడ రాలేదు. ఇరవై ఏండ్లు ఒక్క అరుగు మీద, ఒకరి ఆకులు ఒకరు కత్తిరించుకొని, ఒకరి కష్టం ఒకరు చెప్పుకొని బతికినోళ్ళు. ఇప్పుడు రామవ్వ తన చాట తీసుకొని ఇంట్లకు పోయింది. యాదవ్వ పక్కన జాగ ఖాళీగ ఉన్నది. గల్లీల పిల్లలు ఆమె ఇంటి ముందునుంచి ఉరుక్కుంట పోతున్నరు. కిరాణం కొట్టాయన చిల్లర చేతికియ్యకుండ బల్ల మీద పెడ్తున్నడు.

యాదవ్వకు ఒక గుర్తు ఉన్నది. ఎవరికీ చెప్పలేదు, చక్రధర్‌కు గూడ చెప్పలేదు. ఆమె పుట్టినూరు గాంధారి పక్కన. చిన్నగున్నప్పుడు ఆ ఊర్ల ఒక ముసలాయన మీద చేతబడి చేస్తడని మాట పుట్టింది. ఒకనాడు ఆయనను కట్టేసి పట్కారుతోని ముందరి పండ్లు పీకిండ్రు. పండ్లు లేకుంటే మంత్రం పలకదని. ఆ ముసలాయన నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని బావికాడ కూసున్నది ఆమె చూసింది. తువ్వాల తెల్లదే, కానీ తెల్లగ లేదు. ఆయన మల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పటిసంది యాదవ్వకు భయమైతే నాలుక దానంతట అదే పండ్ల మీదికి పోతది. ఒక్కో పన్నును తడుముతది, ఉన్నయా లేవా అన్నట్టు.

శుక్రవారం రామవ్వ మనుమరాలు నిహారికకు జ్వరమొచ్చింది. యాదవ్వ ఒళ్ళె పెరిగిన పిల్ల. యాదవ్వ వాళ్ళ వాకిట్ల నిలబడి, "రామీ, దవాఖానకు తీస్కపోరాదే" అన్నది. లోపల్నుంచి గొళ్ళెం పెట్టిన చప్పుడు వినబడ్డది. మరునాడు ఆ పిల్ల తండ్రి సిద్దిరాములు ఎవరో గాలి, చేతబడి చూసేటాయన దగ్గరికి పోయొచ్చిండు. దుబాయ్‌ల సెంట్రింగ్ పనిచేసి ఈ మధ్యనే తిరిగొచ్చినోడు, రామవ్వ కొడుకు. వాని గొంతు గోడ దాటి వినబడ్డది.

"ఎదురుంగ ఉన్న ఇల్లే అన్నడు అవ్వా. పేరు గూడ చెప్పలే, ఎదురుంగ అన్నడు. పండ్లు పీకితేనే దిగుతది అన్నడు."

యాదవ్వ చేతిలున్న బీడీ ఊడి ఆకు విచ్చుకున్నది. రామవ్వ ఏమంటదో అని చెవి పెట్టింది. రామవ్వ ఏమీ అనలేదు.

ఆదివారం పొద్దుగాల మొదటి బస్సుకు యాదవ్వ కామారెడ్డి పోయింది. చక్రధర్ ఒక్క మాట చెప్తే అయిపోతది అనుకున్నది. ఫోన్‌ల కూసుండి, ఇది కథ, యాదవ్వకు ఏ మంత్రమూ రాదు అంటే గల్లీ అంతా ఇంటది. వాని మాటే కదా అందరూ ఇనేది.

వాళ్ళనీళ్ళను అడుగుకుంట సిరిసిల్ల రోడ్డుల ఒక మొబైల్ దుకాణం మీది అంతస్తు అర్రల వాని ఆఫీస్ పట్టుకున్నది. గోడకు తన చీర వేలాడుతున్నది. చక్రధర్ లేచి కాళ్ళు మొక్కిండు. వాడు చెడ్డోడు కాదు. అదే బాధ.

"పెద్దమ్మా! చెప్పకుండ వచ్చినవేందే? నేనే రాకపోతునా?"

"బిడ్డా, నన్ను చంపుతరురా వాళ్ళు."

"ఎవరే?"

ఆమె చెప్పింది. వాడు ఇన్నడు. మధ్యల ఒకసారి ఫోన్ చూసుకున్నడు, మల్ల ఇన్నడు. "ఈ కాలంల గూడ చేతబడేందే పెద్దమ్మా, నవ్వుకుంటరు గంతే. సిద్దిరాములన్న నాకెర్కలేడా? మంచోడు."

"నువ్వు చెప్పు బిడ్డా. నేను గొణిగేది లెక్క అని చెప్పు. నువ్వు పక్కన కూసుండి ఇన్నవు గదా. నీకు ఒకటి, రెండు అని ఒంట్లు నేర్పింది నేనే గదరా."

"చెప్త. ఇగో, ఇప్పుడే చెప్త." వాడు ఆమె భుజం మీద చెయ్యేసి ఫోన్ ఎత్తిండు. వాని గొంతు మారింది. "హలో హలో! ఈ పొద్దు మన ఆఫీస్‌కు ఎవలొచ్చిండ్రో చూడుండ్రి! అసలు నర్సవ్వ! నేను చిన్నప్పటిసంది చూసి నేర్చుకున్న నర్సవ్వ ఈమెనే! ఈమె మంత్రం చదవది, బీడీలు లెక్కపెట్టుకుంటది, అంతే! దండం పెట్టు పెద్దమ్మా!"

యాదవ్వ దండం పెట్టింది. చెప్పిండు అనుకున్నది. 

చెప్పిండు, నిజమే. కానీ జనం దాంట్ల ఏం ఇన్నరో ఇంక చూస్తరు.

"మా బండిలనే పో పెద్దమ్మా, ఇంటిముందే దిగుతవు" అని శైలేందర్‌కు అప్పజెప్పిండు. "ఈమెవరో చెప్పకన్నా, పరేషాన్ చేస్తరు" అన్నడు. బండిల ఏడెనిమిది మంది ఉన్నరు. మూలకు నర్సింగ్ చదివే పిల్ల ఒకతి కూసున్నది. పేరు మరియ. ఆమె పక్కకు జరిగి యాదవ్వకు జాగ ఇచ్చింది. యాదవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది.

కామారెడ్డి ఆమె చూడలేదని కాదు. కానీ ఇట్ల చూడలేదు.

"దిగుండ్రి, దిగుండ్రి!" శైలేందర్ స్టేషన్ ముందు బండి ఆపి చేతులు ఊపిండు. "ఇగో గీడనే! నర్సవ్వ మొగడు దుబాయ్ పోతుంటే రైలు ఇంజనుకు నిమ్మకాయ కట్టబోయి డ్రైవర్‌తోని తిట్లు తిన్నది గీ ప్లాట్‌ఫారం మీదనే!"

వీడియోల డ్రైవర్ తిట్టిన తిట్టును అందరూ ఒక్కసారే అరిచి నవ్విండ్రు. యాదవ్వ కిటికీలకెంచి చూస్తున్నది. ఆ పొద్దు బాలనర్సయ్య ముంబయి రైలెక్కిండు. ఆమె నిమ్మకాయతోని దిష్టి తీసి, ఇంకో నిమ్మకాయ ఆయన అంగీ జేబుల పెట్టింది, పానం బాగుండాలె అని. ఇంజను కాదు. జేబు. రైలు కదిలితే ఆయన జేబు మీద చెయ్యేసి చూపించిండు, ఉన్నది అన్నట్టు. ఆయన్ని పానంతోని చూసుడు అదే ఆఖరు.

నిజాంసాగర్ చౌరస్తా కాడ బండి నిదానమైంది. "నర్సవ్వ గీ చౌరస్తా చుట్టు మంత్రం చదువుకుంట తిరిగింది! ట్రాఫిక్ మొత్తం బంద్!" ఒకాయన లేచి కుంటుకుంట నడిచి చూపించిండు. సీట్లల్ల విరగబడి నవ్విండ్రు.

పెట్టె ఎప్పుడొస్తదో అడుగుదామని ఏజెంటు దుకాణం ఎతుక్కుంట ఆమె తిరిగిన చౌరస్తా అది. చదువు రాదు, బోర్డులు చదవరాదు. అడిగినోళ్ళల్ల ఒకడు ఇటు అన్నడు, ఒకడు అటు అన్నడు. ఎండల తిరిగి తిరిగి చివరికి ఒక పండ్ల బండి నీడకు కూలబడ్డది. ఇది చక్రధర్‌కు చెప్పినప్పుడు వాడు గూడ ఏడ్చిండు. పదేండ్ల పోరడు, కండ్లు తుడుచుకుంట, "నేను పెద్దగయినంక నీకు బోర్డులన్ని చదివి చెప్త పెద్దమ్మా" అన్నడు.

బెల్లం గంజ్‌ల ఆగిండ్రు. చాయ్ తాగిండ్రు. ఊరంతా ఆమె బతుకే ఉన్నది, మూలమూలకూ ఉన్నది, కానీ ఏడ ఆమె ఏడ్చిందో ఆడ జనం నవ్వుతున్నరు. ఎవరూ ఆమెను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకపోవుడే మంచిగయిందని కొంగు ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నది.

తాడ్వాయి దాటినంక మరియ ఫోన్ చూసుకుంట నవ్వింది. "కొత్త వీడియో వచ్చింది!" అని, పక్కనున్న ముసలామెకు గూడ చూపిస్తే మంచిదని ఫోన్ యాదవ్వ ముందు పెట్టింది. ఫోన్‌ల యాదవ్వ దండం పెడ్తున్నది.

మరియ ఫోన్ దిక్కు చూసింది. కొంగు దిక్కు చూసింది. "అవ్వా, నువ్వేనా?" అని మెల్లగ అడిగింది.

"లొల్లి చెయ్యకు బిడ్డా. కింద ఏమో రాస్తరట గదా. ఏం రాసిండ్రు? చదువు."

మరియ చదివింది. నవ్వే బొమ్మలు. సూపర్ అవ్వ. లవ్యూ అవ్వ. అట్లట్ల చదువుకుంట పోయి ఒక్కకాడ ఆగింది.

"ఆపినవేంది?"

"ఏం లేదవ్వా."

"చదువు."

"'ఈమె మా గల్లీలనే ఉంటది. తెల్లారుగట్ల మూడు తొవ్వల కాడ నిమ్మకాయలు పడేస్తది, మా అవ్వ కండ్లార చూసింది. చక్రధర్ గూడ అసలు నర్సవ్వ ఈమెనే అని ఒప్పుకున్నడు. నా బిడ్డ మూడు రోజులసంది జ్వరంల ఉన్నది. ఈ పొద్దు ఇంటికి రానీ.'" మరియ గొంతు తగ్గిపోయింది. "కింద ఇంకా మస్తుమంది రాసిండ్రు."

"ఏమని?"

మరియ ఫోన్ ఒళ్ళె బోర్లేసింది. "నువ్వు లింగంపేటల దిగిపో అవ్వా. నేను గూడ దిగుత. పోలీసులకు చెప్దాం."

యాదవ్వ నాలుక పండ్ల మీదికి పోయింది. ముందరి పండ్లు. పక్క పండ్లు. అన్నీ ఉన్నయి. బండి కిటికీ అవతల వరి పొలాలు ఎనుకకు పోతున్నయి. లింగంపేట బస్టాండు వచ్చింది. శైలేందర్ బ్రేక్ కొట్టిండు, నీళ్ళ సీసాలు కొనుక్కుంటరని. దిగొచ్చు. కూతురు వినీత ఊరు మహమ్మద్‌నగర్, దూరం గూడ కాదు.

"దిగవ్వా" అని మరియ చెయ్యి పట్టి లాగింది.

"దిగితే ఏమంటరు బిడ్డా? తప్పు చేసింది గన్క పారిపోయింది అంటరు. ఇగ ఏ ఊరికి పోయినా ఆ మాట నా ఎంబడి వస్తది. నా బిడ్డ ఇంటికి గూడ వస్తది." కిటికీ దిక్కు తిరిగింది. "ఆ పోరికి ఇంకా దవాఖానే చూపియ్యలే వాళ్ళు. రామికి నేను చెప్పాలె. రామి నా మాటింటది. నేను గొణిగేదేందో రామికి ఎర్క."

బండి కదిలింది. మరియ ఫోన్‌ల నూరు నంబర్ నొక్కి, ఊరి పేరు, గల్లీ గుర్తులు చెప్పింది. వస్తమన్నరు. ఎప్పుడొస్తరో చెప్పలేదు.

ఎల్లారెడ్డి రాంగనే బండిల జనం సీట్లల్ల నుంచి లేచిండ్రు. సంచులల్లకెంచి నిమ్మకాయలు తీసిండ్రు. గల్లీ మలుపు తిరిగేసరికి యాదవ్వ ఇంటి ముందు గుంపు ఉన్నది. ఆడోళ్ళు, మగోళ్ళు, పిట్టగోడల మీద పిల్లలు. గుంపు ముందట సిద్దిరాములు. వాని చేతిల మొలలు పీకే పట్కారు.

"అబ్బో! షూటింగ్ పెట్టిండ్రు!" అని ఒకాయన చప్పట్లు కొట్టిండు. "మన కోసం సీన్ పెట్టిండ్రురా!" ఫోన్లన్ని పైకి లేచినయి.

శైలేందర్‌కు గూడ అర్థం కాలేదు. ఇంజను బంద్ చేసిండు.

సిద్దిరాములు వచ్చి బండి తలుపు తీసిండు. వాని కండ్లు నిద్రలేక ఎర్రగున్నయి. వాడు అరవలేదు.

"దిగు పెద్దమ్మా" అన్నడు. చిన్నప్పటిసంది పిలిచిన పిలుపే. "దిగు. నా బిడ్డను ఇడిసిపెట్టు పెద్దమ్మా. నీ కాల్మొక్కుత. ఇడవకుంటే నేనే పీకుత."

బండిలోళ్ళు ఫక్కున నవ్విండ్రు. ఏడ్చుకుంట కాల్మొక్కుత అని పట్కారు చూపించుడు వాళ్ళకు మంచి కామెడీ లెక్క కొట్టింది.

యాదవ్వ దిగింది. మోకాలు వంగలేదు, దిగబోయి తూలింది. తూలిన నడకకు గూడ నవ్విండ్రు. ఆమె గుంపును చూడలేదు. ఎదురింటి గడపల నిహారికను ఎత్తుకొని నిలబడ్డ రామవ్వను చూసింది.

"రామీ, చెప్పవే. నేను గొణిగేది ఏందో చెప్పు. ఇరవై ఏండ్లు నా పక్కన కూసున్నవు. నీ కట్ట తప్పితే నేనే లెక్కపెట్టిచ్చిన గదనే. చెప్పు రామీ."

గుంపు మొత్తం రామవ్వ దిక్కు తిరిగింది. రామవ్వ నోరు తెరిచింది. గుంపును చూసింది. మల్ల మూసుకున్నది. మనుమరాలి నెత్తి మీద కొంగు సవరించింది.

సిద్దిరాములు చెయ్యి లేచింది. ఇనుము మూతికి తగిలిన చప్పుడు చిన్నదే. యాదవ్వ రెండు చేతులతోని మూతి పట్టుకొని అరుగు మీద కూసున్నది. వేళ్ళ సందులకెంచి నెత్తురు వచ్చింది. అయినా ఫోన్లు దిగలేదు.

మరియ ఉరికొచ్చి మధ్యల నిలబడ్డది. "ఇది షూటింగ్ కాదు! నెత్తురు కనబడ్తలేదా మీకు?"

"కొంచెం జరుగక్కా, అడ్డమొస్తున్నవు" అన్నడు వెనుకనుంచి ఒక పిలగాడు.

మరియ వాని ఫోన్ గుంజి చరచర నడిచి సిద్దిరాములు ముందుకు వచ్చింది.  "అన్నా, నేను నర్సింగ్ చదువుతున్న. నీ బిడ్డను ముట్టి చూడనియ్యి. ఒక్కసారి." జవాబు కోసం ఆగలేదు. రామవ్వ దగ్గరికి పోయి పిల్ల నుదురు పట్టి చూసింది, చేతుల మీద ఎర్రటి చుక్కలు చూసింది. "ఒళ్ళు కాలుతున్నది. ఈ చుక్కలు ఎప్పటిసంది? ఈమె పండ్లు పీకితే ఈ చుక్కలు పోతయా అన్నా? ఇంక ఆలస్యం చేస్తే పిల్ల దక్కదు. బండెక్కించు!"

పిల్ల దక్కదు అన్న మాటకు సిద్దిరాములు చేతుల పట్కారు జారింది. శైలేందర్ అప్పటికి తెలివి తెచ్చుకొని బండి ఎనుకకు తిప్పి అరుగుకు ఆనించిండు. నిమ్మకాయల దండ తెంపి అవతల పారేసిండు. మరియ యాదవ్వను ఎక్కించింది. రామవ్వ పిల్లతోని ఎక్కింది. గుంపు అడ్డం రావాల్నా వద్దా అని చూస్తుండంగనే బండి గల్లీ దాటింది. పోలీసు జీపు మలుపు కాడ ఎదురొచ్చింది.

సర్కారు దవాఖానకు పోయే ఆ కొంచెం తొవ్వల, యాదవ్వ, రామవ్వ ఎదురెదురు సీట్లల్ల కూసున్నరు. జ్వరం మైకంల నిహారిక కాలు చాపితే అది యాదవ్వ మోకాలికి తాకింది. రామవ్వ ఆ కాలును ఎనుకకు లాక్కున్నది. పట్కారు దెబ్బ కంటే అది ఎక్కువ తగిలింది యాదవ్వకు.

పిల్లకు డెంగీ అన్నరు డాక్టర్లు. కామారెడ్డికి పంపించిండ్రు. వారం తిరక్కముందే లేచి కూసున్నది, నవ్వింది, ఇడ్లీ కావాలె అన్నది. యాదవ్వ ముందరి పన్ను ఒకటి విరిగింది, ఇంకోటి కదిలి ఊడింది. కేసు రాసిండ్రు. సిద్దిరాములు కొన్నాళ్ళు లోపలుండి వచ్చిండు.

కథ ఆడ ఆగితే బాగుండు. కానీ గల్లీ ఏమన్నదో ఇనుండ్రి. పండ్లు ఊడినయి, పిల్ల లేచింది అన్నది. చూసినవా, నిజమే అన్నది. డాక్టర్ల సూదులు, సెలైన్ సీసాలు ఎవరికీ గుర్తు లేవు. ఊడిన రెండు పండ్లే ఆమె మీద సాక్ష్యం చెప్పినయి.

యాదవ్వ ఇప్పుడు మహమ్మద్‌నగర్‌ల వినీత ఇంట్ల ఉంటున్నది. ఎల్లారెడ్డి ఇంటికి తాళమే. బీడీలు చుడ్తది, కానీ అర్ర లోపల, తలుపు దగ్గరికేసుకొని. పెదవులు కదిలియ్యది. వేళ్ళ మీద లెక్కపెడ్తది, తప్పుతది, మల్ల మొదలువెడ్తది. దారం కొరుకుతానికి ముందరి పండ్లు లేవు, కత్తెర పెట్టుకున్నది. ఎవరన్న వాకిట్లకు కొత్త మనిషి వస్తే వినీతను పిలిచి తను లోపలికి పోతది.

చక్రధర్ ఆ వీడియో తీసేసిండు, మనసు బాగలేదని ఇంకో వీడియో పెట్టిండు. తీసేసిన వీడియోను అంతకుముందే వేలమంది దాచుకున్నరు, ఇప్పటికీ పంచుకుంటున్నరు. అరుగు మీద జరిగింది తీసినోళ్ళు గూడ పంచుకుంటున్నరు, కింద నవ్వే బొమ్మలు పెట్టి. నర్సవ్వ కొత్త భాగాలు వారం వారం వస్తనే ఉన్నయి.

దసరా పోయినంక ఒకనాడు వినీత ఫోన్‌కు రామవ్వ చేసింది. శానసేపు ఏడుపే వినబడ్డది.

"ఎర్క యాదీ. లెక్కనే అని నాకెర్క."

"ఆ పొద్దెందుకు చెప్పలేదే?"

"భయమయింది. చెప్తే నన్ను గూడ అంటరని. నీ ఇంటికి ఎదురిల్లు నాది గూడ గదా."

యాదవ్వ ఫోన్ పెట్టేసింది.

చదివేటోళ్ళను అడిగేది ఒక్కటే. ఆ గల్లీల తెలిసిన మనిషి ఒక్కతి నోరు తెరిస్తే, పక్కన ఇంకొకరు తెరిచేటోళ్ళు. మీ గల్లీల, మీ బస్సుల, మీ ఇంటి వాట్సాప్ గుంపుల ఎవరన్న ఒక ఒంటరి ఆడమనిషి మీద ఇసొంటి మాట అంటే, మీరు మొదట మాట్లాడుండ్రి. తప్పు అని అక్కడికక్కడే అనుండ్రి, నూరు నంబర్‌కు ఫోన్ చెయ్యుండ్రి, పిల్లలకు జ్వరమొస్తే ముందు దవాఖానకు తీసుకపోదాం అనుండ్రి. నెత్తురు కారే మనిషి వీడియో మీ ఫోన్‌కు వస్తే ఇంకొకరికి పంపకుండ్రి, అది తప్పని ఆ పెట్టినోళ్ళకు రాయుండ్రి. నర్సవ్వ ఇల్లు చూపిస్తమని ఏ బండి పిలిచినా ఎక్కకుండ్రి, ఎక్కేటోళ్ళను ఆపుండ్రి. నవ్వుతానికి కథలు రాసేటోళ్ళు ఆ కథ ఎవరి గడప ముందు ఆగుతదో ముందు పోయి ఆ మనిషిని అడుగుండ్రి.

ఎల్లారెడ్డిల ఆ అరుగు ఇంకా ఖాళీగనే ఉన్నది. ఆమె తిరిగొచ్చి, గట్టిగ, నలుగురికి వినబడేటట్టు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేదాంక మనకు ఈ పని ఉన్నది. రేపు కాదు, ఈ పొద్దే మొదలువెట్టుండ్రి.